ఫతులోలో పొయ్యి దగ్గర కత్తిపీట

నేను ఒక కత్తిపీటని. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, పటంలో చూస్తే ఈగ వాలిందనుకుని తుడిచేసేంత చిన్న దీవిలో ఉంటున్నాను. ఈ మధ్య ఇక్కడి పార్లమెంటు సభ్యులు నా మీద కూర్చోవడానికి వంతులు వేసుకున్నారు. గొప్ప కోసం చెప్పడం లేదు. అవి సరదాపడి వేసుకున్న వంతులు కావు. నా మీద కూర్చుని కొబ్బరి కోరుకుంటే తప్ప ఆ పూట అన్నంలోకి ఏమీ ఉండదు కాబట్టి కూర్చుంటున్నారు.

నేను పుట్టింది అంబాజీపేటలో, సత్యలింగం అనే కమ్మరి కొలిమిలో. నా ఇనుము అంతకు ముందు ఒక లారీకి కమాను పట్టీగా ఉండేది. కొబ్బరికాయల లోడు మోసి మోసి ఒకరోజు విరిగింది. ఆ ముక్కని సత్యలింగం ఎర్రగా కాల్చి, సాగ్గొట్టి, వంపు తిప్పి, పదును పెట్టాడు. తల దగ్గర కోరుకి పళ్ళు కోశాడు. పనస చెక్క పీటకి మడత పడేలా బిగించాడు. కొబ్బరికాయలు మొయ్యలేక విరిగిన ఇనుముని మళ్ళీ కొబ్బరికాయల మీదికే పంపుతున్నానని అతనికి తోచినట్టు లేదు. ఇనుము దొరికింది, వాడాడు. మనుషులు ఇంతకంటే లోతుగా ఆలోచించి చేసిన పనులు తర్వాత చాలా చూశాను. వాటికంటే ఇదే నయం.

నన్ను కొన్నది సుభాషిణి. ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. జీతం ఇవ్వాల్సిన నెలలో ఆ యాజమాన్యం ఆమెకి శాలువా కప్పి సన్మానం చేసేది. శాలువాలు బీరువాలో పట్టనప్పుడు ఆమె వేరే ఉద్యోగం వెతుక్కుంది. తలమోవా అనే దేశంలో, ఆ దేశానికంతటికీ ఉన్న ఒకే ఒక్క హైస్కూల్లో సైన్సు టీచరు కావాలన్నారు. అక్కడ కొబ్బరికాయలు తప్ప ఏమీ దొరకవని ఎవరో బెదిరించారు. అయితే కోరు కావాలి కదా అని ఆమె బజారుకి వచ్చి నన్ను బేరమాడింది.

మూడు విమానాలు మారి దిగాం. కస్టమ్స్ ఆయన పెట్టె తెరిచి నన్ను బయటికి తీశాడు. మడత విప్పి, ఇది ఆయుధమా అని అడిగాడు. కాదు, పీట అంది సుభాషిణి. ఆయన వెంటనే నేలమీద పెట్టి కూర్చుని చూశాడు. పైనున్న కోరు పళ్ళు చూసి తల ఊపాడు, వాళ్ళ ఇళ్ళలోనూ కూర్చుని కోరే పీటలే ఉంటాయి. కిందనున్న పదును చూసి తల గోక్కున్నాడు. కత్తిని కదలకుండా కూర్చోబెట్టి చేపనే దాని మీదికి నడిపించాలని ఆయనకి చెప్పేసరికి, వెనక వరసలో ఉన్నవాళ్ళంతా నా చుట్టూ చేరారు. ఆ కస్టమ్స్ ఆయనే ఆ దేశ పార్లమెంటుకి స్పీకరు కూడా అని మాకు తర్వాత తెలిసింది.

ఆ దేశపు మాట నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నేర్చుకున్నాక కూడా వాళ్ళ మాటలు నాకు మా కోనసీమ యాసలోనే వినపడతాయి. మీకూ అలాగే చెబుతాను. వేరేలా చెప్పడం నా వల్ల కాదు.

ముందు దేశం ఎలా ఉంటుందో చెప్పాలి. ఒక పెద్ద దీవి, దాని చుట్టూ దూరదూరంగా చిన్న దీవులు. పెద్ద దీవి పేరు మోవా. పెద్దది అన్నది అక్కడివాళ్ళ అభిమానం కొద్దీ అనే మాట, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర వాళ్ళు చిరంజీవ అనేయొచ్చు. మట్టి లేదు, పగడపు పొడి. దాని మీద కొబ్బరి చెట్లు. ఏరు లేదు, వాగు లేదు, కొండ లేదు. తాగే నీళ్ళంటే వాన పడినప్పుడు డ్రమ్ముల్లో పట్టుకున్నవే. దేశంలో ఎత్తయిన ప్రదేశం ఏది అని సుభాషిణి పరీక్షలో అడిగితే పిల్లలందరూ విమానాశ్రయం పక్కన చెత్తదిబ్బ అని రాశారు. ఆమె తప్పని కొట్టేసి, తర్వాత స్వయంగా వెళ్ళి చూసి, మార్కులు వేసింది.

నేల ఇంతే గాని సముద్రం మాత్రం చాలా ఉంది. ప్రతి దీవి చుట్టూ రెండు వందల మైళ్ళు ఆ దేశానిదే. దీవులు దూరదూరంగా ఉండబట్టి అన్నీ కలిపితే మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో మునిగిపోయి ఇంకా చోటు మిగులుతుంది.

ప్రభుత్వం సంగతి. తొమ్మండుగురు సభ్యులు, గోడలు లేని ఒక హాలు. పార్టీలు లేవు. పార్టీ పెట్టాలంటే చుట్టం కానివాళ్ళు కొందరైనా కావాలి కదా. ప్రధానమంత్రిని సభలో మావయ్యా అనే పిలుస్తారు. బయట గడ్డిలో కూర్చున్న జనం లోపల మాట్లాడేవాళ్ళ తప్పులు దిద్దుతుంటారు. అవిశ్వాసం పెట్టినవాళ్ళూ, అందులో పడిపోయినవాళ్ళూ మధ్యాహ్నం ఒకే చాప మీద తింటారు. విమానం వచ్చే రోజు సభ వాయిదా, ఎందుకంటే స్పీకరు వెళ్ళి రన్‌వే మీద ఆడుకునే పిల్లల్నీ, నిద్రపోయే కుక్కల్నీ తోలాలి.

ఆర్థిక వ్యవస్థ ఇంకా సులభం. ఒకప్పుడు ఎండు కొబ్బరి అమ్మేవారు. ఆ తర్వాత దొరలు వచ్చి, ఎరువు కోసం, ఒక దీవి మీద పక్షులు వేల ఏళ్ళుగా వేసిన రెట్టని తవ్వి ఓడలకెత్తుకుపోయారు. రెట్ట అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు. తర్వాత కొన్నాళ్ళు రంగురంగుల తపాలా బిళ్ళలు అచ్చువేసి, ఉత్తరాలు రాయని విదేశీయులకి అమ్మారు. ఇప్పుడు సముద్రం అద్దెకిస్తున్నారు. పెద్ద దేశాల ఓడలు లైసెన్సు కట్టి వచ్చి తూర చేపలు, అదే ట్యూనా, పట్టుకుపోతాయి. ఆ చేపలు డబ్బాల్లోకెక్కి, లేబుళ్ళు వేసుకుని, మోవాలో ఉన్న కొట్లోకి తిరిగి వస్తాయి. జనం వాటిని కొనుక్కుని, మన చేపే, రుచి తెలుస్తోంది అంటూ తింటారు. ఇందులో ఎవరికీ నవ్వు రాదు. నాకూ మొదట్లోనే వచ్చేది.

ఇక అసలు విషయం, కోలే.

కోలే అంటే అడగడం. మీ చాప మీద కూర్చుని మీ చేతి ముద్ద తిన్నవాడు మీకు చుట్టం. చుట్టం నలుగురి ఎదుట నేలమీద కూర్చుని ఏదైనా అడిగితే లేదనకూడదు. ఇక్కడితో ఆగితే ఆ దేశంలో ఎవరి ఒంటి మీదా చొక్కా ఉండేది కాదు. అందుకని రెండో సగం కూడా పెట్టారు. ఇచ్చినవాడికి తిరిగి ఒకటి అడిగే హక్కు ఉంటుంది. ఎప్పుడైనా అడగొచ్చు, ఏదైనా అడగొచ్చు. అది తీర్చేదాకా పుచ్చుకున్నవాడు ఇచ్చినవాణ్ణి ఇంకేమీ అడగకూడదు. మోవాలో జనం ఈ గొడవంతా ఎందుకని ఆ సాయంత్రానికల్లా తిరిగి ఓ అరటిగెలో, లాంతరో అడిగేసి చెల్లు చేసుకుంటారు.

సుభాషిణికి ఇదేమీ తెలియదు. ఆమె ఇంటి పక్కనే మెలేఆనా ఉండేది. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు, చర్చి పాటల బృందానికి పెద్ద. ఆమె కూతురు ఓఫా సుభాషిణి క్లాసులోనే చదివేది. సుభాషిణి ఒకరోజు కొబ్బరి పచ్చడి చేసి వాళ్ళకి పెట్టింది. మెలేఆనా తిని, చేతులు తుడుచుకుని, నేలమీద కూర్చుంది.

"టీచరుగారూ, మీ పీట నాకిచ్చెయ్యండి."

సుభాషిణి నవ్వింది. మెలేఆనా నవ్వలేదు. ఓఫా గాభరాగా పక్కకి వచ్చి చెవిలో మొత్తం వివరించింది. సుభాషిణి నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. తర్వాత నన్ను రెండు చేతులతో ఎత్తి ఇచ్చేసింది.

"ఇప్పుడు మీరడగండి," అంది మెలేఆనా.

సుభాషిణి ఏమాత్రం ఆలోచించలేదు. "మీ పాటల రిహార్సలు నా కిటికీ కింద నుంచి తీసెయ్యండి," అంది. ఆ వారం నుంచి మోవా చర్చి బృందం రన్‌వే మధ్యలో నిలబడి పాడేది. సుభాషిణి కాంట్రాక్టు అయిపోయి వెళ్ళేటప్పుడు విమానం వాళ్ళని దాటుకునే లేచింది. ఆమె మంచిదే. నన్ను వదులుకున్నందుకు కోపం లేదు. వదులుకోకపోతే ఇప్పుడు ఏ ఫ్లాటు అటక మీదో ఉండేదాన్ని.

మెలేఆనా చేతుల్లో నేను మొదటిసారి చేపని చూశాను. బారెడు తూర చేపని నా మీదికి నడిపిస్తే అది రెండుగా విడిపోయేది. కొబ్బరి కోరితే పొడి వానలా రాలేది. ఆమె భర్త సేము పక్కన కూర్చుని, ఇంత పనిమంతురాలిని పెళ్ళి చేసుకున్నది తానేనని ప్రతి పూటా గుర్తు చేసేవాడు. సేము ఎక్కువ పని చేసేవాడు కాదు గాని, అతను లేని ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

అప్పుడు తుపాను వచ్చింది. మోవాకి పెద్దగా ఏమీ కాలేదు. దూరంగా, పడవలో రెండు పగళ్ళ ప్రయాణంలో ఫతులోలో అనే దీవి ఉంది. రెట్ట తవ్వుకుపోయిన దీవి అదే. సముద్రం దాని మీదుగా నడిచి అవతలికి దిగింది. బావుల్లో నీళ్ళు ఉప్పయ్యాయి. ఉన్న పది పన్నెండు కుటుంబాలూ మోవాకి వచ్చేసి, చుట్టాల ఇళ్ళలో సర్దుకున్నాయి. ఎవరూ తిరిగి వెళ్ళలేదు.

దేశం దీనికి పెద్దగా బాధపడి ఉండేది కాదు. కాని ఒక పెద్ద దేశం ఒక మాట అంది. మనుషులు బతకలేనిది దీవి ఎలా అవుతుంది, బండ అవుతుంది గాని. బండకి రెండు వందల మైళ్ళ సముద్రం ఎందుకు, అని. చట్టం పూర్తిగా ఏం చెబుతుందో నాకు తెలియదు. ప్రధానమంత్రికి మాత్రం ఒక సంగతి తెలుసు. తూర చేపలు గుంపులుగా తిరిగేది ఫతులోలో చుట్టూనే. ఆ నీళ్ళు పోతే బడి లేదు, ఆసుపత్రి లేదు, పడవకి డీజిలు లేదు. ఫతులోలోలో ఒక్క పొయ్యి వెలగాలి. వెలిగించేది ఆ నేల హక్కుదారులైనా కావాలి, వాళ్ళు ఒప్పుకున్నవాళ్ళైనా కావాలి.

హక్కు తల్లుల వైపు నుంచి వస్తుంది. ఆ నేల ఇద్దరు అక్కచెల్లెళ్ళది. అక్క కూతురు మెలేఆనా. చెల్లెలి కొడుకు తవిటా, అంటే సాక్షాత్తూ ప్రధానమంత్రి. తవిటా మంచి మాటకారి. చెడ్డవాడు కాదు. రోజుకో సమస్యని రేపటికి నెట్టుకుంటూ బతికే మనిషి, ఆ ఉద్యోగంలో ఎవరైనా అంతే. అతను వచ్చి మెలేఆనా చాప మీద తిని, నేలమీద కూర్చుని సేముని అడిగాడు.

"బావా, కొన్నాళ్ళు ఫతులోలోలో ఉండండి."

సేము ఉంటామన్నాడు. తిరిగి ఏం కావాలంటే, మోవాతో మాట్లాడుకునే రేడియో ఒకటి అడిగాడు. దానికి ఎండతో నడిచే బ్యాటరీ కూడా ఇచ్చారు. సేము కోలే అక్కడితో తీరిపోయింది. ఓఫాని చదువు కోసం మోవాలో వదిలి, రేడియోనీ నన్నూ పడవలో వేసుకుని ఇద్దరూ వెళ్ళారు.

సేము ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. అతను పీతలతో కూడా మాట్లాడేవాడు. ఒకరోజు పగడం గీరుకుని కాలు తెగింది. చిన్న గాయమే. అది చీము పట్టింది, జ్వరం వచ్చింది. మెలేఆనా రేడియోలో పడవ పంపమంది. ప్రభుత్వానికి ఉన్నది ఒకటే పడవ, అది ఎవరో విదేశీ అతిథులకి సొరచేపలు చూపించడానికి వెళ్ళింది. వచ్చేస్తుంది అన్నారు. వచ్చింది కూడా. అప్పటికి మెలేఆనా భర్తని కొబ్బరి చెట్ల మధ్య తనే గొయ్యి తవ్వి పూడ్చిపెట్టింది. పగడపు నేల తవ్వడం ఎంత కష్టమో ఆమె గోళ్ళు చూస్తే తెలిసేది. నాకు చేతులు లేకపోవడం ఆ రోజు నిజంగా బాధనిపించింది.

ఆ పడవలోనే తవిటా వచ్చాడు. బావ సమాధి దగ్గర కూర్చుని ఏడ్చాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆమె పెట్టింది తిన్నాడు. తర్వాత పడవ నడిపేవాళ్ళ ఎదుట నేలమీద కూర్చుని, "అక్కా, ఇంకొన్నాళ్ళు ఉండు," అన్నాడు. కన్నీళ్ళు ఎంత నిజమో అదీ అంతే నిజం. మెలేఆనా ఉంటానంది. నీకేం కావాలో అడుగు అంటే, ఇప్పుడేం తోచడం లేదు పొమ్మంది. అతను వెళ్ళిపోయాడు.

తర్వాత సంవత్సరాలు గడిచాయి. ఆమె ఒక్కతే. వాన నీళ్ళ డ్రమ్ము, రేడియో, పొయ్యి, నేను. ఆమె నా మీద కూర్చుని కొబ్బరి కోరుతూ గట్టిగా మాట్లాడేది. మొదట్లో సేముతో మాట్లాడేది. తర్వాత ఎవరితో అన్నది ఆమెకే తెలియదు. డ్రమ్ములో నీళ్ళు అడుగంటినప్పుడు లేత కొబ్బరికాయలతో సరిపెట్టుకోవడం, గాలి హోరుకి ఎవరో పిలిచినట్టై తలుపు తీయడం, ఒకసారి కాలు జారి పడి రెండు రోజులు లేవలేకపోవడం, ఆ రెండు రోజులూ పొయ్యి ఆరిపోతుందని పాక్కుంటూ వెళ్ళి పుల్లలు వేయడం. ఇవన్నీ ఆమె రేడియోలో చెప్పేది కాదు. రేడియోలో మోవా అడిగేది ఒకటే ప్రశ్న, పొయ్యి వెలుగుతోందా అని. వెలుగుతోంది అని ఆమె జవాబు.

ఓఫాకి పెళ్ళయింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ కబురు మెలేఆనా రేడియోలోనే వింది. ఆ దేశంలో పుట్టిన బిడ్డని మొదట అమ్మమ్మ చేతుల్లో పెడతారు. ఓఫా బిడ్డని పెట్టడానికి చేతులు అక్కడ లేవు. ఆ రోజు మెలేఆనా కొబ్బరికాయ ఒకటి కోరి, ఇంకొకటి కోరి, ఇంకొకటి కోరి, ఎవరూ తినని పొడి గుట్టగా పోసింది. నేను ఏం చేయగలను, కోరాను.

ఇప్పుడు ఓఫాకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఎలాగైనా వెళ్ళాలని మెలేఆనా అనుకుంది. సరిగ్గా అప్పుడే ఆ పెద్ద దేశం, ఫతులోలోలో నిజంగా మనుషులున్నారో లేదో చూడడానికి ఓడ పంపుతున్నామంది. ఈ సంగతి తెలియగానే తవిటా పడవెక్కాడు. ఆర్థిక మంత్రి లూపేనీ, స్పీకరునీ, ఇంకో ఇద్దరు సభ్యుల్నీ వెంటబెట్టుకున్నాడు. సాక్షులు ఎంత మంది ఉంటే కోలే అంత గట్టిది.

వాళ్ళు దిగేసరికి సముద్రం వాళ్ళ కడుపుల్ని ఖాళీ చేసి పంపింది. మెలేఆనా ఏమీ అడగలేదు. నా మీద కూర్చుని పొద్దున పట్టిన చేపని కోసింది. కొబ్బరి కోరి పాలు పిండి, అందులో చేపని వేసి ఉడికించింది. తవిటాకి తినక తప్పదు, తింటేనే చుట్టం, చుట్టమైతేనే అడగొచ్చు. కాని అతను తప్పనిసరై తిన్నట్టు తినలేదు. రెండోసారి కూడా వేయించుకున్నాడు. లూపే గిన్నె గీరింది.

తిన్నాక తవిటా చేతులు కడుక్కుని, నేలమీదికి జారి కూర్చున్నాడు.

"అక్కా, ఓడొత్తంది. ఇక్కడ పొయ్యి ఎలగాలి. నీకు తెలీంది కాదు..."

"ఆగు తవిటా," అంది మెలేఆనా.

అందరూ ఆగారు.

"సేము పోయినప్పుడు నువ్వొచ్చి అడిగావు. ఉంటానన్నాను, ఉన్నాను. దానికి నా కోలే నువ్వింకా తీర్చలేదు. అది తీర్చకుండా మళ్ళీ ఎలా అడుగుతావు?"

మోవాలో ఎవరి కోలే ఆ సాయంత్రం దాటదు. ఇన్నేళ్ళు ఎవరూ దాచుకోరు. అడగలేదు కాబట్టి వదులుకుందనే తవిటా అనుకున్నాడు. అతనే కాదు, మంత్రివర్గమంతా అలాగే అనుకుంది. దేశపు సరిహద్దుల గురించి పుస్తకాలన్నీ తిరగేసినవాళ్ళు ఈ ఒక్క సంగతీ ఆలోచించకుండా పడవెక్కారు.

అతను స్పీకరు వైపు చూశాడు. స్పీకరు "అదీ నిజమే మావయ్యా. ముందు ఆవిడదే," అన్నాడు. సభలో కూడా ఆయన ఇంత త్వరగా తీర్పు చెప్పడం ఎవరూ చూడలేదు.

"సరే అక్కా, అడుగు," అన్నాడు తవిటా. బియ్యమో, కొత్త డ్రమ్మో అడుగుతుందనే అనుకున్నట్టున్నాడు, మొహం కొంచెం తేటపడింది.

"నా కూతురు కాన్పుకి ఎల్తన్నాను. ఈ నేల మీద హక్కు నాకెంతుందో నీకూ అంతే ఉంది. నేనొచ్చేదాకా ఈ పొయ్యి నువ్వు చూసుకో."

లూపే ఏదో అనబోయి, తను గీరిన గిన్నె వైపు చూసి ఊరుకుంది. తవిటా చేతులు జోడించి, "అక్కా, నేను ప్రధానమంత్రిని," అన్నాడు.

"రేడియో ఉందిగా," అంది మెలేఆనా.

సాయంత్రం ఆటుకి పడవ వెళ్ళిపోయింది. ఆమె ఒక చాప చుట్టుకుని, సేము సమాధి మీద చేయి పెట్టి కాసేపు నిలబడి, వెనక్కి చూడకుండా ఎక్కింది. నన్ను తీసుకెళ్ళలేదు. పొయ్యి దగ్గర పీట లేకపోతే అతనెలా వండుకుంటాడు అంది. నాకు బాధేసింది. గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పటిదాకా తెలియదు.

తవిటా మొదటి రోజే వేలు కోసుకున్నాడు. రెండో రోజు ఇంకో వేలు. కత్తిని మీదికి రమ్మనే అలవాటున్న మనిషి, తనే కత్తి దగ్గరికి వెళ్ళడం నేర్చుకోవడానికి టైము పడుతుంది. మంత్రివర్గం రేడియోలో సమావేశమయ్యేది. అతను ఒక చేత్తో మైకు, ఒక చేత్తో కొబ్బరి చిప్ప పట్టుకుని దేశాన్ని నడిపాడు. దేశానికి పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

ఓడ వచ్చింది. తెల్ల బట్టల అధికారి ఒకాయన దిగి, చొక్కా లేకుండా, వేళ్ళకి గుడ్డలు చుట్టుకుని నా మీద కూర్చున్న మనిషిని చూశాడు. ఇక్కడ ఎవరుంటారు అని అడిగాడు. నేనే అన్నాడు తవిటా. ఏం చేస్తుంటారు అంటే ప్రధానమంత్రిని అన్నాడు. ఆ అధికారి జాలిగా చూసి, వడదెబ్బకి మాత్రలు ఇచ్చి, నీళ్ళు బాగా తాగమని చెప్పాడు. తాగడానికి నీళ్ళు ఎక్కడున్నాయని తవిటా అడిగాడు. ఫతులోలోలో మనుషులున్నారని ఆ దేశం ఒప్పుకుంది. రెండు వందల మైళ్ళూ నిలిచాయి.

ఆ తర్వాత మెలేఆనా ఒప్పుదలతో తొమ్మండుగురు సభ్యులూ వంతులవారీగా వచ్చి పొయ్యి చూసుకోవాలని చట్టం చేశారు. లూపే వంతులో చేప మాడింది. స్పీకరు బాగానే కోస్తాడు, ఈ దేశంలో నాతో మొదటి పరిచయం ఆయనకే కదా. కొత్త డ్రమ్ములు వచ్చాయి, రెండో పడవ కూడా కొన్నారు. ఇన్నేళ్ళు అవి కొనడానికి వీల్లేకపోయిందన్నారు, ఎలా వీలయిందో నేను అడగలేదు. కాని వీటన్నిటికీ ముందు, తవిటా ఒక్కడే ఉన్న ఆ రోజుల్లో, ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి.

పొద్దు వాలుతోంది. రేడియో గరగరలాడింది. ముందు లూపే మాట్లాడింది, ఓఫాకి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ. అమ్మమ్మ చేతుల్లోనే ఉందనీ. తవిటా నవ్వాడు. ఆ దీవికి వచ్చాక నవ్వడం అదే మొదలు. తర్వాత మైకు మెలేఆనా చేతికి వెళ్ళింది. వెనకాల పసిపిల్ల ఏడుపు సన్నగా వినపడుతోంది.

పొయ్యి వెలుగుతోందా అని అడుగుతుందని అతను మైకు పట్టుకుని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"తవిటా, ఎలా ఉన్నావు?" అంది.

అతను మైకు నొక్కాడు. బాగున్నాను అనడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. డ్రమ్ము వైపు చూశాడు, కొబ్బరి చెట్ల మధ్య సమాధి వైపు చూశాడు.

"అక్కా, నిన్ను ఉండమని అడిగాను, ఇన్నేళ్ళున్నావు. ఈ మాట ఒక్కసారి కూడా అడగలేదు."

"ఇప్పుడడుగు," అంది మెలేఆనా.

"ఎలా ఉన్నావక్కా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. డ్రమ్ము అడుగంటిన వేసవి నుంచి మొదలుపెట్టింది. గాలికి తలుపు తీయడం చెప్పింది, గొయ్యి తవ్వడం చెప్పింది, పాక్కుంటూ వెళ్ళి వేసిన పుల్లల గురించి చెప్పింది. ఆ దేశంలో రేడియోలన్నీ ఒకే పౌనఃపున్యం మీద ఉంటాయి, కాబట్టి ప్రతి దీవిలోనూ, ప్రతి పడవలోనూ జనం పనులు ఆపి విన్నారు. ఎవరూ మధ్యలో దిద్దలేదు. తవిటా ఒక్కసారి కూడా మైకు నొక్కలేదు. బ్యాటరీ అయిపోయేదాకా ఆమె చెబుతూనే ఉంది.

నేను పొయ్యి పక్కన గోడకి ఆనుకుని విన్నాను. అందులో నాకు తెలియంది ఏమీ లేదు. అయినా మొత్తం విన్నాను.